ఒకటో నంబరు బౌలర్

గల్ఫ్‌లో మా తెలుగువాళ్ల క్రికెట్ లీగ్‌లో వచ్చే శుక్రవారం ఆటగాళ్లను జట్లకు పంచుతారు. దానికి ముందు బౌలర్లకు ఆటను బట్టి నంబర్లు వేసే పని ఈసారి నా నెత్తిన పడింది. పోయిన శుక్రవారం బుదైయా గ్రౌండ్‌లో ఇరవై మందిని చూశాను. వాళ్లలో రాజేశం ఒక్కడే వేరు. జగిత్యాల దగ్గరి మనిషి, ఇక్కడ బిల్డింగు పని, నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఉంటాడు. అరిగిపోయిన బూట్లతో పరుగెత్తుకొచ్చి మాలాంటి ఆఫీసు ఉద్యోగుల వికెట్లు వరసగా లేపేశాడు. ఒకటో నంబరు అతనికే రాశాను.

ఆ మాట చెబుదామని ఈ సాయంత్రం ఫోన్ చేశాను. ఒకటో నంబరు నీదే అన్నాను.

"అన్నా, నా పేరు తీసెయ్. సోమవారం డ్యూటీల టైల్స్ కోసే మిషన్ల కుడిచెయ్యి వడ్డది. రెండు వేళ్లు వొయినయ్."

ఆస్పత్రి, ఇన్సూరెన్స్, కంపెనీ అంటూ ఏవేవో అడిగాను. అన్నిటికీ "చూస్తున్నరన్నా" అన్నాడు. ఇంట్లో చెప్పావా అంటే, "ఇంకా చెప్పలే" అన్నాడు.

ఇక పెట్టేద్దామనుకుంటుంటే అతనే అడిగాడు. "ఎడమ చేత్తోని నేర్చుకుంటనన్నా. అట్ల ఏస్తే ఎన్నో నంబరిస్తవ్?"

"ముందు చెయ్యి మాననీ తమ్ముడూ" అన్నాను.

తర్వాత అతని పేరు కొట్టేసి, కిందివాళ్లందరినీ ఒక్కో మెట్టు పైకి జరిపి, లిస్టు గ్రూపులో పెట్టాను. కొత్తగా ఒకటో నంబరుకొచ్చినతను వెంటనే థాంక్స్ చెప్పి, రెండు చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాడు.

రాజేశానికి మీరైతే ఏం చెప్పేవాళ్లు?