క్రేనక్క తిండి మారిన వైనం

కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉన్నా, కట్టడం దగ్గర అందరికీ ఆమె క్రేనక్క. పొద్దున్నే నిచ్చెనెక్కి, క్రేను పైన ఒక్క మనిషి మాత్రమే పట్టే గాజు గదిలో దాన్ని నడపడానికి కూర్చుందంటే దిగడం సాయంత్రానికే. మధ్యాహ్నం ఎదురు షాపు నుంచి వేయించిన చికెనూ, బర్గరూ, కూల్‌డ్రింకూ తెప్పించి తాడుతో పైకి లాక్కునేది. "ఏంటక్కా రోజూ ఈ తిండి?" అని కింద సిగ్నల్ ఇచ్చే మేస్త్రి అడిగితే, "ఇంత ఎత్తెక్కి దిగేదాన్ని, రాళ్ళు తిన్నా అరుగుతాయి" అని నవ్వేసేది.

ఆ రోజు తిని చేతులు తుడుచుకుని పనిలో పడింది. ఇనుప కమ్మీల కట్ట గాల్లో ఉండగా, ఎవరో గుండెల మీద మోకాలు పెట్టి అదిమినట్టయింది. ఒళ్ళంతా చెమట. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. కింద, సరిగ్గా కట్ట నీడలో, పనివాళ్ళు కబుర్లాడుకుంటున్నారు. ఇప్పుడు కళ్ళు తిరిగితే?

"తమ్ముడూ, మనుషుల్ని పక్కకి పంపెయ్" అంది వాకీటాకీలో.

"ఏమైందక్కా?"

"ముందు పంపెయ్యరా బాబూ!"

పళ్ళ బిగువున కట్టను నేల మీద పెట్టింది. అప్పుడు మొదలైంది అసలు భయం. దిగడానికి నిచ్చెన తప్ప దారి లేదు. మేస్త్రి పైకొచ్చి ఆమె కాళ్ళ కిందుగా నిలబడ్డాడు. "నా భుజం మీద కాలు పెట్టక్కా. కిందికి మాత్రం చూడకు" అంటూ మెట్టు మెట్టుకీ ఆపి దించాడు. ఆమెకు కూతురి మొహం తప్ప మరేమీ గుర్తు రాలేదు.

"గుండెకు పోయే రక్తనాళం ఒకటి సన్నబడింది. మందులతో గట్టెక్కారు. ఆ వేపుళ్ళు, కూల్‌డ్రింకులు ఇక ముట్టకండి. ఇంట్లో వండిన మాంసం కొద్దిగా తినొచ్చు" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

"కొద్దిగా అనేది నా వల్ల కాదండీ. మొదలుపెడితే గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగను. మొత్తానికే మానేస్తా."

అలా ఆ ఇంట్లో చిక్కుళ్ళు, కారెట్లు, ఆకుకూరలు రాజ్యమేలాయి. "ఇది ఆస్పత్రి తిండమ్మా" అని కూతురు మూతి ముడిచింది. కానీ తిండి మారినంత తేలిగ్గా భయం పోలేదు. చిన్న త్రేన్పు వచ్చినా భర్త చెయ్యి లాగి గుండెల మీద పెట్టుకునేది. "త్రేన్పేనే తల్లీ, ఇంకేం కాదు" అని అతను నెత్తి కొట్టుకునేవాడు. ఆ షాపు ముందు నడిస్తే నోరూరేది. నోరూరగానే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కినట్టనిపించేది. చెప్పులు చేతబట్టుకుని పారిపోయినంత పని చేసేది.

ఒకనాడు భర్త టైలరింగ్ దుకాణానికి వెళ్తే, కుట్టుమిషను వెనక అతను చికెన్ ముక్క కొరుకుతూ దొరికిపోయాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె మాత్రం గుడ్డల మూట మీద కూలబడింది.

"నాకెలాగూ గ్యారంటీ లేదు. మీక్కూడా ఏదైనా అయితే పిల్ల గతేంటండీ?"

అతను పొట్లం చుట్టేశాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

కొన్ని నెలలకు పరీక్షలన్నీ బాగా వచ్చాయి. "ఇక పైకెక్కొచ్చు" అంది డాక్టరమ్మ. క్రేనక్క నిచ్చెన పట్టుకుంది. నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది. ఎంత నచ్చజెప్పుకున్నా కాలు కదల్లేదు. దిగొచ్చేసింది. ఇంజనీరు ఆమెకు కిందే సిగ్నల్ పని ఇచ్చాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు తలవంచుకునే చెప్పింది. "ఇక నన్ను క్రేనక్క అనరేమో."

కూతురు చెంచా కింద పెట్టింది. "గాలి గట్టిగా వీచినప్పుడల్లా నేను క్లాసులో కిటికీలోంచి నీ క్రేను వైపే చూసేదాన్నమ్మా. పాఠం ఒక్క ముక్క ఎక్కేది కాదు."

ఇన్నేళ్ళూ ఆ మాట ఎందుకు చెప్పలేదని ఆమె అడగబోయింది. అడక్కుండానే గరిటె అందుకుంది. పిల్ల పళ్ళెంలో మరో గరిటెడు చిక్కుళ్ళు వడ్డించింది. ఆ పూట పిల్ల మూతి ముడవలేదు.