డిస్కు తనిఖీని రద్దు చేసిన తీర్మానం

ఆ రోజుల్లో లోకంలో నేను ప్రశ్నించనిదంటూ ఉండేది కాదు, నన్ను తప్ప. తెనాలిలో మా హేతువాద సంఘం సాహిత్యం అచ్చయ్యే ప్రెస్సులో ఒక పాత యూనిక్స్ కంప్యూటర్ ఉండేది. ఊళ్లో పెళ్లి కార్డులైనా, మా విప్లవమైనా దాంట్లోనే కంపోజ్ కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా (పోవటం కంటే రావటమే అప్పట్లో వార్త) అది తన డిస్కునంతా మూలమూలా తనిఖీ చేసుకుని గానీ పని మొదలుపెట్టేది కాదు. ఈలోగా టిఫిన్ చేసి, కాఫీ తాగి, దేవుడు లేడని ఇద్దరికి నిరూపించి రావచ్చు.

ఒకసారి, తెల్లవారితే బాపట్లలో సభ. ముహూర్తాల మీద నేను రాసిన మొదటి పెద్ద వ్యాసం అక్కడ కరపత్రంగా పంచాలి. వక్తగా నా బతుకంతా దానిమీదే ఉంది. పొద్దుటినుంచి కరెంటు వస్తూ పోతూ ఉంది, కంప్యూటర్ తనిఖీలోంచి తేలటం లేదు. అక్కర్లేని ప్రోగ్రాములు మొదట్లోనే లేవకుండా ఆపాం. పాత ఫైళ్లు తీసేసి డిస్కులో చోటు చేశాం. కాస్త చురుకు వచ్చింది గానీ తనిఖీ తప్పలేదు.

"దాన్నీ మానిపిద్దాం," అన్నాను.

"ఏమో అబ్బాయ్, అదెప్పుడూ చేసుకునే పని. మనమెందుకు మానిపించటం?" అన్నాడు ప్రెస్సు మామయ్య.

"ఎందుకని అడక్కుండా ఎప్పుడూ చేసేదాన్నే ఆచారం అంటారు మామయ్యా!"

(ఎందుకని నేనూ అడగలేదు.) రేపల్లె బండి దిగి వచ్చిన మా కార్యదర్శి పద్ధతిగా చర్చ పెట్టి, చేతులెత్తించాడు. డిస్కు తనిఖీ మెజారిటీతో రద్దయింది. మామయ్య ఒక్కడే వ్యతిరేకం.

ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినా కంప్యూటర్ చిటికెలో లేచింది. చప్పట్లు కొట్టాం. మళ్లీ పోయేలోగా అన్న ఆత్రంలో ప్రూఫు కూడా చూడకుండా అచ్చు వేయించి, కట్టలు మోసుకుని బాపట్ల బస్సెక్కాం.

సభలో కరపత్రాలు పంచారు. నేను గర్జిస్తున్నాను, జనం నవ్వుతున్నారు. అది నవ్వాల్సిన చోటు కాదు. ఒక కాగితం లాక్కుని చూశాను. కరెంటు పోయినప్పుడల్లా చెదిరిన డిస్కును సరిచేసే దిక్కులేక, ఫైళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయాయి. "ముహూర్తం బుద్ధిహీనుల బానిసత్వం, కనుక" అన్న నా వాక్యం, "పై శుభముహూర్తమున తామెల్లరు సకుటుంబంగా విచ్చేసి" అంటూ ఎవరిదో పెళ్లి కార్డులోకి నడిచి వెళ్లిపోయింది.

ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "అంతా బానే ఉందండి. భోజనాలెక్కడండి?" అన్నాడు.

ఇక జన్మలో మైకు ముట్టనని వేదిక మెట్ల మీద కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్లను నమ్మనివాణ్ని గనక అదీ నిలవలేదు. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుని వేదికలు ఎక్కుతూ ఆ కుర్రాణ్ని తలుచుకుంటే కోపం రాదు, నవ్వొస్తుంది. అంత నమ్మకంగా పొరబడే సత్తువ నాలో ఇప్పుడు లేదు కదా అని, వెనకాలే కాస్త దిగులు.