కండ్లు రెండూ వదిలిపెట్టి

గాజుల అంగడి వాళ్ళింట్లో పుట్టి, గాజుల అంగడి వాళ్ళింటికే కోడలిగా పోయినదాన్ని. బేరం నాకు ఉగ్గుపాలతోనే పెట్టారు. నందికొట్కూరులో మా అంగడి మెట్టెక్కే మనిషి ఎంతకు కొంటుందో, అంతకుముందు ఎంతసేపు సతాయిస్తుందో మొహం చూసి చెప్పేదాన్ని. నేను కొత్తిమీర కట్ట దగ్గర ఆగితే చాలు, అమ్మే అవ్వ "వచ్చినావా తల్లీ, ఇంగ నా పొద్దు గుంకినట్లే" అని తల పట్టుకునేది. అట్లాంటిదాన్ని, ఒకే ఒక్కసారి బేరమాడకుండా, ఎదుటివాళ్ళు అడగకముందే ఇచ్చేసి వచ్చాను. ఇచ్చింది నా కూతుర్ని.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఊళ్ళో కొత్తగా పెట్టిన ప్రైవేటు బడిలో దాన్ని మూడో తరగతిలో చేర్చాను. ఫారం మీద సంతకం పెట్టాక, మా వైపు తల్లులంతా అనే మాటే నేనూ అన్నాను: "సార్, కండ్లు రెండూ ఇడిసిపెట్టి యాడ కొట్టినా మేమేం అడగం. పిల్లకు చదువు రావల్ల, అంతే." ఆ మాట అనకపోతే పిల్ల మీద శ్రద్ధ లేదనుకుంటారు. నన్ను బడిలో వేసేటప్పుడు మా అమ్మా అన్నది. సారు నవ్వాడు. పాప నా కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. దానికీ చెవులున్నాయని నాకు తోచనే లేదు.

ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. గాజులపెట్టె ఇంకొకరి చేతికిచ్చేటప్పుడు "పైలం, కింద పడేయొద్దు" అని మూడుసార్లు చెప్పేదాన్ని. పిల్లనిచ్చేటప్పుడు మాత్రం రెండు కండ్లు పక్కకు తీసిపెట్టి, మిగిలిన ఒళ్ళంతా ధారపోసి వచ్చాను. పైగా మంచి తల్లిననుకుంటూ ఇల్లు చేరాను.

ఉగాదికి ముందు పాపను అంగట్లో కూర్చోబెట్టుకుని కొత్త గాజులు తొడుగుతున్నాను. ఎడమ చేతికి డజనూ సులువుగా ఎక్కాయి. కుడి చెయ్యి వీపు వెనకాల దాచుకుంది.

"ఏమే, ఆ చెయ్యి దేవునికి మొక్కుకున్నావా?"

"ఈ చేతికి వద్దులేమ్మా."

లాక్కుని చూస్తే, దాని కొలత గాజు కణుపుల దగ్గరే ఆగిపోయింది. నాలుగు కణుపులూ ఉబ్బి, నల్లగా కమిలి ఉన్నాయి.

"ఏమైందే?"

"పడినా."

"పిడికిలి బిగించుకోని ఎవురన్నా పడతారా?"

అంగట్లో రోజుకు వంద అబద్ధాలు వినేదాన్ని. దాన్ని ఒళ్ళోకి తీసుకుంటే అప్పుడు చెప్పింది. పన్నెండో ఎక్కం అప్పజెప్పలేదని సారు స్కేలు నిలబెట్టి, అంచుతో పిడికిలి మీద కొట్టాడట. ఒక్కరోజు కాదు, ఆ వారమంతా.

పన్నెండో ఎక్కం! గాజుల అంగట్లో పుట్టిన పిల్లకు!

"మూడు డజన్లు ఎన్నే?" అన్నాను.

"ముప్పై ఆరు."

"ఎనిమిది డజన్లు?"

"తొంభై ఆరు." గోడకు వేలాడే గాజులు చూస్తూ టక్కున చెప్పింది.

"పన్నెండు మూళ్ళు?"

దాని చెయ్యి వీపు వెనక్కు పోయింది. ఆ స్కేలు నేర్పిన చదువు అదీ.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వే గదమ్మా సారుకు చెప్పినావు, కండ్లు ఇడిసిపెట్టి యాడన్నా కొట్టమని."

ఇంట్లో తల్లి ఉండీ ఆ పిల్ల వారం రోజులు దెబ్బలు దాచుకుంది. ఇంక ఏం జరిగినా నాకు చెప్పదేమోనని అప్పుడు పుట్టింది భయం.

మరుసటి పొద్దున్నే బడికి పోయాను.

"మీరే గదమ్మా చెప్పింది. కండ్లు బాగనే ఉండాయి గదా?" అన్నాడు సారు.

"ఉండాయి సార్. ఏడ్చేదానికి పనికొస్తాండాయి."

"కొట్టకుంటే చదువు యాడ వస్తాదమ్మా? సరే, ఇంగ స్కేలు నిలబెట్టను, అడ్డంగా పెట్టి కొడతాలే."

"చేతి మీద వద్దు సార్."

"అయితే కాళ్ళ మీద."

"ఎన్ని?"

ఆ "ఎన్ని" నా నోట్లోంచే వచ్చింది. అలవాటు! సారు "మూడు" అన్నాడు. "ఒకటి" అనడానికి నా నాలుక సిద్ధమైంది కూడా. కొత్తిమీర కట్ట మాదిరి నా బిడ్డ ఒంటిని బేరం పెట్టి, రెండు దెబ్బలు తగ్గించి, గెలిచానని ఇంటికి పోయేదాన్ని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఒకటి గూడా లేదు సార్. ఆ పొద్దు నేనన్న మాట వాపసు తీసుకుంటాండా."

"మీ అంగట్లో అమ్మిన గాజులు వాపసు తీసుకుంటారామ్మా?"

"పగిలినవి అంటగట్టింది మేమైతే తీసుకుంటాం సార్. దాన్ని డజన్లలో అడిగి చూడండి, ఎక్కమంతా చెప్తాది."

"ఇది బడి అనుకుంటాండారా, తిరనాళ్ళ అనుకుంటాండారా?" అని విసుక్కుని, చివరికి "మీ పాపను ముట్టనులే, పోండి" అన్నాడు.

గెలిచి వచ్చాను. రెండు రోజులు కూడా నిలవలేదు ఆ గెలుపు. పాప అంగట్లో గాజుల తట్ట జార్చింది. నా చెయ్యి పైకి లేచింది. అది నాకు కొత్త కాదు, సారును అనేముందు ఆ సంగతి చెప్పుకోవాలి. పాప పారిపోలేదు. ఏడవలేదు. పిడికిలి బిగించి, కణుపులు పైకి పెట్టి, దానంతటదే చెయ్యి చాపింది.

లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక చీపురు అందుకున్నాను. "పగిలినవి నేను ఏరుతా. మంచివి నువ్వు ఏ రంగువి ఆ రంగు ఏరిపెట్టు" అన్నాను. "కొట్టవా?" అని రెండుసార్లు అడిగింది. గంటసేపు కూర్చుని అన్నీ వేరుచేసింది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా తట్టను రెండు చేతులతో పట్టుకునేది. ఇన్నేళ్ళ నా దెబ్బలు నేర్పనిది ఆ గంట నేర్పింది.

ఉగాది పోయిన వారానికి, బడి నుంచి వచ్చీ రాగానే సంచి దించకుండా చెప్పింది: "మా బెంచీలో పాపను కొట్టినాడమ్మా సారు. వేళ్ళు ఇంత లావు అయినాయి. నువ్వొచ్చి చెప్పు."

"వాళ్ళ పిల్ల గదే. వాళ్ళమ్మ చూసుకుంటాదిలే."

"వాళ్ళమ్మ గూడా కండ్లు ఇడిసిపెట్టి అనే చెప్పిందంట. ఆ పాప ఇంట్లో చెప్పదు."

నా పిల్లకు మాత్రమే బేరం కుదుర్చుకుని, మిగిలిన నలభైమందిని ఆ స్కేలు కింద వదిలేసి వచ్చాను. అది కనిపెట్టడానికి ఎనిమిదేళ్ళ పిల్ల కావలసి వచ్చింది. కానీ అది వచ్చి నాకు చెప్పింది. దాచుకోలేదు.

గాజులు చూస్తున్న ఇద్దరాడవాళ్ళను రేపు రమ్మని పంపించి, అంగడి తలుపులు దగ్గరికి వేశాను.

"వాళ్ళిల్లు యాడే? నడువు, ముందు వాళ్ళమ్మ దగ్గరికే పోదాం" అన్నాను.