కొండమ్మ వాళ్ల కాఫీలో నా పంచదార

పంచదార లేకుండా కాఫీ తాగుతున్నానంటే అంతలా నవ్వుతావేంటి అమ్మమ్మా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా చిట్టీ, నిన్ను చూసి కాదే, నన్ను తలుచుకుని నాకే నవ్వొచ్చింది. ఆ రోజుల్లో పంచదార పడితే బాగుపడని సంగతి లోకంలో ఉండదనుకునేదాన్ని. దుబాయ్ వెళ్లిన కొత్తలో, కల్బా అనే ఊళ్లో బాబా ఇంట్లో (యజమానిని బాబా అనే పిలిచేవాళ్లం) వంటపని నాది. ఇల్లు తుడిచే పని ఇథియోపియా నుంచి వచ్చిన ఒక పిల్లది. నోరు విప్పితే "మా కొండ, మా కొండ" అనేది, అందుకని కొండమ్మ అని పేరెట్టాను. మా ఇద్దరికీ వచ్చిన అరబ్బీ కలిపినా ఒక మనిషికి చాలదు, అయినా కబుర్లకి లోటు లేదు.

ఆ కొండ మీద వాళ్లది కాఫీ తోట. ఎప్పుడూ దళారి చెప్పిందే ధర. ఆ ఏడు ఊరంతా సంఘం కట్టి, బాగా పండిన పళ్లే ఏరి, ఎండబెట్టి, గింజలు నేరుగా బాబాకి పంపారు. ఆయనది కాఫీ వ్యాపారమే. ఆయన ఊఁ అంటే ఏటా న్యాయమైన ధరకి కొంటాడు, ఉహూఁ అంటే మళ్లీ దళారి గుమ్మమే. రుచి చూసి చెప్పడానికి ఒక బట్టతలాయన వచ్చిన రోజు కొండమ్మ పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నేనూ పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను (అది వేరే కథ).

తలుపు సందులోంచి చూస్తున్నాం. ఆయన చెంచాతో కాఫీ తీసుకుని ఇల్లంతా వినబడేలా సుర్రుమని పీల్చాడు, పుక్కిలించాడు, డబ్బాలోకి తుపుక్కుమని ఉమ్మేశాడు. ఇంకో కప్పు. మళ్లీ తుపుక్. కొండమ్మ గోడకి జారబడిపోయింది. "ఖలాస్! మా నాన్న కష్టం ఖలాస్!"

"ఉండవే, ఏడవకు. అంత చేదు ఇస్తే ఉమ్మరూ మరి!" అని, ఆ పొడితోనే చిక్కటి పాలు, దండిగా పంచదార పోసి, నురగొచ్చేలా తిరగబోసి, తీసుకెళ్లి ఆయన ముందు పెట్టేశాను. ఏంటిదని బాబా కళ్లతోనే అడిగాడు. అప్పుడు తట్టింది నాకు, నా తెలివికి ఆ పిల్ల కొండంతా కూలిపోతుందేమోనని. ఆ బట్టతలాయన కప్పు వంక చూశాడు, నా వంక చూశాడు, ఎత్తి చివరి చుక్కదాకా మింగేశాడు! బాబాతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. "యల్లా, ఇంక కానీ, మీ నాన్నకి ఫోన్ చెయ్యి, ఏటా నేనే కొంటానని చెప్పు," అన్నాడు బాబా, కొండమ్మని పిలిచి.

ఇంక నా కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు. సాయంత్రం బాబా కారు నడిపే కడప భాయ్‌కి గొప్పగా చెబితే పడీ పడీ నవ్వాడు. "బాగలేక కాదక్కా ఉమ్మేది. అన్నీ మింగితే నాలిక పని చెయ్యదంట, అది వాళ్ల పద్ధతి!"

కొండమ్మ మాత్రం విమానం ఎక్కేదాకా నా పంచదారకే దణ్ణం పెట్టింది. నేనూ కాదనలేదు. ఇప్పటికీ కాఫీ తిరగబోస్తుంటే అదే అనుకుంటాను చిట్టీ, అన్నీ ఉమ్మేసే మనిషి, నా కప్పొక్కటీ ఎందుకు మింగాడంటావు?