ఆర్వోకి పుట్టినరోజు శుభాకాంక్షలు

మార్లిస్ లాహ్టితో పెట్టుకోకూడదని అమెరికాలో సరస్సు ఒడ్డునున్న టూ హార్బర్స్ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. సరస్సు మీద మంచయినా వేసవికి కరుగుతుంది గానీ ఆవిడ కోపం కరగదు. పోస్టాఫీసులో వరస తప్పించి ముందుకు దూరిన పాపానికి ఒకావిడ ఏళ్ళ తరబడి మార్లిస్ చేతి యాలకుల రొట్టెకి మొహం వాచిపోయింది.

ఆ రొట్టెలు అమ్మేది ఫేస్‌బుక్‌లోనే. దుకాణం లేదు, బోర్డు లేదు. ఎవరి మోకాలికి ఆపరేషనయింది, ఎవరి కుక్క తప్పిపోయింది, అన్నీ గుర్తుపెట్టుకుని ఒక్కొక్కరికీ తన వేళ్ళతో తనే రాసేది. "డోరిస్, ఆ కాలేసుకుని మంచులో రాకు, నేనే తెచ్చిస్తా" అని రాసిందంటే తెచ్చిచ్చేది, ఓ గంట కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేది. ఈ విద్య ఆమెకి మొగుడి దగ్గర అబ్బింది.

మొగుడు ఆర్వో, మంచు మీద నడిచే బళ్ళు బాగుచేసేవాడు. ఫేస్‌బుక్‌లో ఊరివాళ్ళ గుంపు ఒకటుంది. అందులో ఎవరేం అడిగినా ముందు జవాబు అతనిదే. ట్రెంట్ బోవర్స్ అనే కుర్రాడు ఇన్సూరెన్స్ కాగితాల సంచీతో ఊళ్ళో దిగినప్పుడు గుమ్మం తొక్కనిచ్చిన వాళ్ళు లేరు. ఆర్వో వాణ్ణి ఇంటికి తీసుకొచ్చి, పెరట్లో సోనా గదిలో తన పక్కన కూర్చోబెట్టి ఆవిరి పట్టించి, మార్లిస్ చేత వేడివేడి చేపల సూపు పోయించి, మర్నాడు గుంపులో రాశాడు. "ఈ పిల్లాడు మనోడే. నమ్మొచ్చు." అంతే, సగం ఊరు వాడి దగ్గర పాలసీలు తీసుకుంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ట్రెంట్ డులూత్ నగరం వెళ్ళి అద్దాల ఆఫీసు పెట్టాడు. ఒక మార్చిలో ఆర్వో గుండె ఆగి పోతే రాలేదు. పువ్వు పంపలేదు. కనీసం ఒక్క ముక్క రాయలేదు. ఊరు ఊరంతా గిన్నెలతో వంటలు మోసుకొచ్చిన ఆ వారంలో, గుమ్మం ముందు కారు ఆగినప్పుడల్లా వాడేనేమోనని మార్లిస్ కిటికీలోంచి చూసింది.

అక్టోబరులో ఆర్వో పుట్టినరోజున, ఆమె ఛార్జింగులోనే ఉంచుకున్న అతని ఫోన్ టింగుమంది. "హ్యాపీ బర్త్‌డే ఆర్వో! ఇంకా కుర్రాడివే బాస్! త్వరలో కాఫీ తాగుదాం!" పంపింది ట్రెంట్. మార్లిస్ ఫోన్ తీసి పిండి డబ్బాలోకి విసిరికొట్టింది. కాసేపాగి తనే తీసి తుడుచుకుంది, ఆర్వో ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి మరి.

మరుసటేడు అదే రోజుకి మళ్ళీ టింగుమంది. "హ్యాపీ బర్త్‌డే ఆర్వో! ఆరోగ్యంగా గుర్రంలా ఉన్నావు కదా! త్వరలో కాఫీ!" ఆ వారమే ట్రెంట్ ఒక వీడియో పెట్టాడు. డులూత్‌లో పెద్ద హోటల్లో క్లాసు చెబుతాడట, సోషల్ మీడియాలో నిజమైన వ్యాపార బంధాలు పెంచుకోవడం ఎలాగని! "నా మొట్టమొదటి కస్టమర్ ఆర్వో. ఈ రోజుకీ ఆయన పుట్టినరోజు మర్చిపోను" అంటూ పళ్ళికిలించాడు, సిగ్గులేని వెధవ.

మార్లిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోనీలేవే, వాడి పాపాన వాడే పోతాడు" అంది డోరిస్.

"వాడంతట వాడు పోయేదాకా ఆగే ఓపిక నాకు లేదు. నేను పంపిస్తా."

ఆర్వో ఫోన్ తీసుకుని, ఆర్వో రాసినట్టే రాసింది. "సరే కుర్రాడా కాఫీ తాగుదాం. కొత్త చోటికి మారాను. చిన్న స్థలమే గానీ సొంతం. దానికి ఇన్సూరెన్స్ చేయించాలి."

నిమిషంలో జవాబొచ్చింది. "నీకోసం నేనే వస్తా బాస్! అడ్రస్ పంపు. కొత్త చోటు బాగుందా?"

"చాలా నెమ్మది. ఇరుగుపొరుగు కిక్కురుమనరు."

అది రాసి మార్లిస్ పగలబడి నవ్వింది. ఆర్వో ఉంటే సరిగ్గా అదే అనేవాడు. ఆ వారమంతా ఏదో ఒకటి రాస్తూనే ఉంది, చేపల గురించి, చలి గురించి, మార్లిస్ సణుగుడు గురించి. పిండి కలుపుతూ మధ్యలో చేతులు కడుక్కుని మరీ ఫోన్ చూసుకునేది.

శనివారం ట్రెంట్ కారు, మార్లిస్ పంపిన అడ్రస్ వెతుక్కుంటూ శ్మశానం గేటు దగ్గర ఆగింది. లోపల మార్లిస్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. వాడు కాగితాల సంచీతోనే నడిచొచ్చాడు.

"మార్లిస్ గారూ! ఇక్కడున్నారేంటి? ఆర్వో ఏడీ?"

"నీ కాళ్ళ దగ్గరున్నాడు చూడు. కాఫీ తాగుదామన్నావుగా."

వాడు రాతి మీద పేరు చదివాడు, తారీకు చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకు తెలీదండీ... ఒట్టు. ఆ శుభాకాంక్షలు నేను పంపినవి కావు, ఆటోమేటిక్‌గా వెళ్ళిపోతాయి. జవాబుల్లో ఇన్సూరెన్స్ మాటొస్తేనే అవి నాదాకా వస్తాయి."

"నా చేతి సూపు తాగినోడివి కదరా నువ్వు!"

వాడు టోపీ తీశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయనతో ఒక్క నిమిషం ఒంటరిగా ఉండనిస్తారా?" అన్నాడు. మార్లిస్ మనసు కాస్త మెత్తబడింది. ఫ్లాస్కు వాడి చేతికిచ్చి, కుర్రాడికి బుద్ధొచ్చిందిలే, ఇక్కడితో వదిలేద్దామనుకుంటూ ఇంటికొచ్చేసింది.

సాయంత్రం ఫేస్‌బుక్ తెరిచింది. ఆర్వో సమాధి ముందు, ఆమె ఫ్లాస్కు పట్టుకుని, తడి కళ్ళతో ట్రెంట్ సెల్ఫీ! "నా గురువు ఆర్వోతో ఎప్పటిలాగే కాఫీ. చావు కూడా తెంచలేనిదే నిజమైన బంధం." కింద క్లాసు తారీకు, చేరేవాళ్ళు నొక్కాల్సిన చోటు.

ఆరి నీచుడా! సమాధినీ అమ్ముకున్నాడు.

మార్లిస్ ఆలోచించలేదు. ఆర్వో పోయిన తారీకు రాసి, దాని కిందే రెండేళ్ళ శుభాకాంక్షల స్క్రీన్‌షాట్లు, "గుర్రంలా ఉన్నావు"తో సహా, ఇన్సూరెన్స్ కబుర్లతో సహా, వాడి సెల్ఫీ కిందే పెట్టేసింది. ఊరివాళ్ళ గుంపులోనూ పెట్టింది. ఊరు భగ్గుమంది. "పోయినోడికి కూడా పాలసీ అమ్ముతావురా నువ్వు!" అని మొదటి రాయి వేసింది, వాడి పాపానికి వాణ్ణి వదిలేద్దామన్న డోరిసే. పాలసీలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. క్లాసు రద్దయింది.

ట్రెంట్ ఫోన్ చేశాడు. "మార్లిస్ గారూ, మీ కాళ్ళు పట్టుకుంటా. అవి తీసెయ్యండి, నా బతుకు పోతోంది."

"నేను కాదు బాబూ, అవి ఆటోమేటిక్‌గా వెళ్ళిపోయాయి" అని పెట్టేసింది.

ఆ రోజు కాఫీ ఎంత రుచిగా ఉందో! చలికాలమంతా ఆ రుచి నోట్లోనే ఉంది.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. పుట్టినరోజు పొద్దున్నే మార్లిస్ ఆర్వో ఫోన్ నిండా ఛార్జింగు పెట్టి, పిండి కలిపే బల్ల మీద ఎదురుగా ఉంచుకుంది. పిండి పొంగింది, దాన్ని జడల్లా అల్లింది, రొట్టెలు కాలాయి. స్నేహితులు ఆమె ఫోన్‌కి రాశారు, ఆర్వో లేడని బెంగగా ఉందని. ఆర్వో ఫోన్‌కి ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తారు, పోయాడని అందరికీ తెలుసు కదా.

ఆర్వో బతికే ఉన్నాడనుకున్న మనిషి లోకం మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. వాడికి కూడా తనే చెప్పేసింది.