ముత్తేలమ్మ అత్త గీతలు

మా కాలేజీ వరండాకి రంగులు వేయిస్తున్నారు. పని ఇంకా గీకుడు దగ్గరే ఉంది. గోడ మీద నీళ్ళు చల్లి ఇనప బద్దతో గీకుతుంటే పై రంగులు పెచ్చులుగా ఊడి, అడుగున ఎప్పటిదో గుల్ల సున్నం బయటపడుతోంది. తడిసిన పాత సున్నానికి ఒక వాసన ఉంటుంది. కొంచెం మట్టి, కొంచెం సముద్రం. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన సున్నం కదా మరి. స్టాఫ్ రూములో అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు వేసేస్తున్నారు. నేను మాత్రం ఏదో పని ఉన్నట్టు వరండాలోకి వెళ్ళి నిలబడుతున్నాను. ఆ వాసనకి నాకు మా నాన్న గుర్తొస్తాడు. మా ఇంటికి చేపలు తెచ్చే ముత్తేలమ్మ అత్త గుర్తొస్తుంది. వాళ్ళిద్దరి మధ్యా ఒక పండగ నాడు ఆగిపోయిన మాటలు గుర్తొస్తాయి.

దానికి తోడు మొన్న రెండో సంవత్సరం వాళ్ళకి ఇంగ్లీషు నుడికారాలు చెప్తుంటే 'వైప్ ద స్లేట్ క్లీన్' అన్న మాట వచ్చింది. పలక శుభ్రంగా తుడిచెయ్యడం. అంటే పాత తప్పులూ పాత బాకీలూ మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడం. హైమ అని, పలాస వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల లేచి, "అ ఆలు దిద్దుకునే పలకేనా మేడమ్?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. వెనకటికి ఇంగ్లండులో సారా దుకాణాల్లో, సత్రాల్లో అరువుకి తాగేవాళ్ళ బాకీలు దుకాణదారు ఒక పలక మీద సుద్దతో గీసి ఉంచేవాడట. బాకీ ముట్టాక తుడిచేసేవాడట. బడి పలక నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు, ఓడలో దారి గుర్తులు రాసుకునే పలక నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం దుకాణం పలకే నిజమనిపిస్తుంది. అలాంటి పలక కింద పెరిగినదాన్ని మరి. ఇదంతా చెప్పి, హాయైన మాట, మంచి అర్థం అని రాయించాను. క్లాసయ్యాక మెట్లు దిగుతుంటే సగమే చెప్పాననిపించింది.

మా ఊరు ఎచ్చెర్లకీ సముద్రానికీ మధ్యన ఉంటుంది. ముత్తేలమ్మ అత్తది సముద్రం ఒడ్డున పల్లె. నెత్తిన తట్టతో నడిచి మా ఊరొచ్చేది. కవళ్ళు, నెత్తళ్ళు, దొరికిన రోజున సొర ముక్కలు, వేట లేని రోజుల్లో ఎండు చేపలు. వీధి మలుపులో ఆవిడ కేక వినపడితే మా అమ్మ అప్పటికప్పుడు చింతపండు నానబెట్టేసేది. రైతు ఇళ్ళల్లో రోజూ డబ్బులెక్కడుంటాయి? చేపలు అరువుకి తీసుకుని, పంట వచ్చాక ధాన్యం కొలిచేవాళ్ళం. తీసుకున్నప్పుడల్లా గుమ్మం పక్కన గోడ మీద బొగ్గుతో ఒక నిలువు గీత. ఆవిడ తిరిగే ప్రతి ఇంటి గోడ మీదా అలాగే గీతలుండేవి. ఆవిడ దగ్గర మాత్రం ఏ లెక్కా ఉండేది కాదు. ఇంగ్లండు దుకాణంలో పలక ఇచ్చినవాడి దగ్గర ఉంటే, మా దగ్గర అది పుచ్చుకున్నవాళ్ళ గోడే. ఈ తేడా ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

నేను హైస్కూల్లో ఉండగా, ఒక రోజు అమ్మా నాన్నా ఊడ్పులకి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అత్త తట్ట దింపి నెత్తళ్ళు గిన్నెలో పోసింది. నేను తల వంచుకునే గిన్నె లోపలికి తీసుకుపోబోయాను. ఆ రోజుల్లో నాకు మనుషుల మొహం చూసి మాట్లాడాలంటే చచ్చేంత సిగ్గు. అరువు అంటే మరీను.

"ఒసే కోడలా, గీతెవరు గీస్తారే?" అంది అత్త.

"నువ్వే గియ్యత్తా."

"నానెందుకు గీస్తాను? పులుసు తినీది మీరు. బొగ్గు తే. నీ సేత్తో నువ్వే గియ్యి."

గీశాను. గీసి, "మేం ఎప్పుడైనా చెరిపేస్తే నీకెలా తెలుస్తాది అత్తా?" అని అడిగాను.

"సెరిపితే సెరిపినావు. నాకేటి పోయింది? నీ గుమ్మం, నీ గోడ. రోజూ సూసుకోవలసిందానివి నువ్వు." తట్ట నెత్తికెత్తుకోడానికి నన్ను సాయం పట్టమని, ఎత్తుకున్నాక నా గెడ్డం పట్టుకుని మొహం పైకి లేపింది. "నా కల్లల్లోకి సూడు. తీసుకున్నావు, పంటకి ఇస్తావు. ఇందులో సిగ్గేటి ఉన్నాది? తలెత్తి మాటాడు."

ఆ తర్వాత మా ఇంట్లో గీతలు గీసే పని నాదే అయింది. నేను కాలేజీలో ఇంతమంది ముందు నిలబడి గొంతెత్తి పాఠం చెప్తున్నానంటే దాని మొదలు అక్కడే ఉంది. ఏ మాస్టారూ నా మొహం అలా పైకెత్తలేదు. అత్త కూతురు చిన్నప్పుడే పోయిందని, ఉంటే నా ఈడుదని అమ్మ చెప్పింది. అత్త మాత్రం ఆ మాట నాతో ఎప్పుడూ ఎత్తలేదు. కోపమొస్తే తిట్టేది, ముద్దొచ్చినా తిట్టేది. నాన్నని అన్నా అనేది, నాన్న సెల్లీ అనేవాడు. పంట నాడు వాళ్ళిద్దరూ గోడ ముందు నిలబడి గీతలు లెక్కపెట్టడం ఇంట్లో ఒక వేడుకలాగ ఉండేది. ఒక కుంచం ఎక్కువ కొలిచానని నాన్న, తక్కువ కొలిచావని అత్త, ఇద్దరూ అబద్ధాలే చెప్పుకుని నవ్వుకునేవారు. తర్వాత నాన్న తడిగుడ్డతో గోడ తుడిచేవాడు. ఆ తుడుపులో ఎంత దర్జా ఉండేదో చెప్పలేను.

నేను ఇంటరులో ఉన్న ఏడు మా పంట పోయింది. కోసిన వరి పనలు చేలో ఉండగా తుఫాను వాన పట్టుకుంది. పనలు నీళ్ళలో నాని మొలకలెత్తాయి. గోడ మీద గీతలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే అత్త తట్ట దింపడం మానలేదు. వద్దంటే, "సముద్రంలోంచి వచ్చింది సముద్రంలో పారబోయమంటావేటి?" అనేది. ఆ వేసవిలోనే మా ఊళ్ళో అమ్మవారి పండగ పడింది. మా ప్రాంతంలో గ్రామ దేవతకి కొన్నేళ్ళకొకసారి పండగ చేస్తారు. చుట్టాలందరూ దిగుతారు. ఇళ్ళన్నిటికీ సున్నాలు వేసుకోవాలని చాటింపు వేశారు. సున్నం వేసేముందు గోడ మీద బాకీలు తీర్చుకోవడం అందరి ఇళ్ళల్లోనూ రివాజు. వీధిలో ఒక్కొక్కరే తీర్చుకున్నారు. మా నాన్న దగ్గర విత్తనాలకి దాచిన ధాన్యం తప్ప ఏమీ లేదు.

"మొత్తం సున్నం ఏసెయ్యి. ముత్తేలమ్మకి తర్వాత సెప్పుకుందాం," అంది అమ్మ.

"బాకీ మీద సున్నం ఎయ్యమంటావా?" అన్నాడు నాన్న.

ఇల్లంతా తనే సున్నం వేశాడు. గుమ్మం పక్కన గీతలున్న మేర మాత్రం కుంచె తగలకుండా చుట్టూ జాగ్రత్తగా వేసి వదిలేశాడు. తెల్లటి గోడలో నల్లగా మాసిన ఆ చోటు గుమ్మంలోకి వస్తూనే కనపడేది. చుట్టాలు ఊరుకుంటారా? "ఏటి బావా, సున్నం సరిపోలేదేటి?" అన్నాడొక మావయ్య. "సరిపోలేదు బావా," అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను.

పండగకి ముందు రోజుని మేం తొలేళ్ళు అంటాం. ఆ పొద్దున అత్త వచ్చింది. నాన్న ఇంకొందరు చుట్టాలని తీసుకురావడానికి రోడ్డు మీదకి వెళ్ళాడు. అత్త గోడ చూసి ఆగిపోయింది. తర్వాత కొంగు బిగించి, పంచలో మిగిలిన సున్నం కుండలో చెయ్యి ముంచి, అరచేత్తో ఆ గీతల మీద పూసేసింది.

"అత్తా, నాన్న ఊరుకోడు," అన్నాను.

"మీ నాన్నకి నాను సెప్తానులే. అమ్మోరి పండగనాడు నా బొగ్గు గీతలేటి మీ గుమ్మంలో? మా అన్న మొకం సిన్నబోతే నాను సూడలేను." ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. నాకూ సంతోషమే అనిపించింది. ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉంది అనుకున్నాను.

నాన్న వచ్చి గోడ చూశాడు. అరవలేదు. "ఎన్నున్నాయే?" అని నన్ను అడిగాడు. ఆ ఏడు గీతలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, నాకు సరిగ్గా తెలియదు. అమ్మ ఒకటి చెప్పింది, నేనొకటి చెప్పాను. అప్పుడు అత్త వైపు తిరిగాడు.

"సెల్లీ, నువ్వు సెప్పు. ఎన్ని?"

"నాకేటి తెలుసన్నా? నాకు లెక్కలొచ్చా? సెల్లిపోనాయనుకో. పండగ బాగా సేసుకోండి."

"సెల్లిపోనాయా? నానడిగేనా నిన్ను?" అన్నాడు నాన్న. లోపలికి పోయి, విత్తనాల బస్తా ఈడ్చుకొచ్చి ఆవిడ తట్ట పక్కన పెట్టాడు. "ఇది అట్టుకెళ్ళు."

అత్త మొహం పాలిపోయింది. "ఇత్తనాలు తిని బతకమంటావా అన్నా నన్ను? నానంత కానిదాన్నయిపోయానా?" అంది. తట్ట తనే ఎత్తుకుని వెళ్ళిపోయింది. సాయం పట్టమని కూడా నన్ను అడగలేదు. బస్తా అక్కడే ఉండిపోయింది.

పండగ మర్నాడు మధ్యాహ్నం, చుట్టాలు భోజనాలయ్యి పడుకుని ఉంటే, నాన్న ఆ గోడ దగ్గర కూర్చుని ఉన్నాడు. నీళ్ళు చల్లుతూ, కొడవలి మొనతో సున్నం మెల్లగా గీకుతున్నాడు. కింద గీతలు తేలతాయేమోనని. సున్నంతో పాటు బొగ్గూ ఊడి వచ్చేసింది. ఇప్పుడు నన్ను వరండాలోకి లాగే ఆ తడి సున్నం వాసన అప్పటిదే. నేను పక్కన కూర్చుని, "అత్త మంచికే కదా నాన్నా చేసింది," అన్నాను.

"మంచికే. కాదన్నానా?" అన్నాడు. గీకుడు ఆపి గోడనే చూస్తూ ఉన్నాడు. "అప్పున్నన్నాళ్ళు సెల్లి ఎదురుగా నిలబడి మాటాడినాను. ఇస్తానన్న ధైర్యం ఉండీది. ఇప్పుడేటని నిలబడను?"

అత్త మా వీధికి రావడం మానేసింది. పక్క వీధిలో ఆవిడ కేక వినపడితే నాన్న పశువుల పాకలోకి వెళ్ళిపోయేవాడు. మరుసటి ఏడు పంట పండింది. నాన్న తన లెక్కకి తోచినంత ధాన్యం సైకిలు మీద వేసుకుని, నన్ను కూడా రమ్మని, పల్లెకి వెళ్ళాడు. ఇంటికి తాళం. కొడుకు గుజరాత్ బోట్ల మీద పనికి పోతే ఈవిడా వాడి వెంటే పోయిందని పక్కింటామె చెప్పింది. అత్త ఇంటి గోడ మీద ఏ గీతలూ లేవు. ఆవిడ ఎవరికీ బాకీ లేదు మరి. నాన్న ఆ అరుగు మీద కాసేపు కూర్చుని, బస్తాతో తిరిగొచ్చాడు. తర్వాత ఆవిడ కబురేమీ తెలియలేదు. ఉందో లేదో కూడా తెలియదు. నాన్న పోయే ముందు రోజుల్లో కూడా, గుమ్మంలో ఎవరైనా ఆడమనిషి గొంతు వినపడితే, "ముత్తేలేటి?" అని అడిగేవాడు. కాదని చెప్పడం నాకు ప్రతిసారీ కష్టంగానే ఉండేది.

ఇద్దరిలో ఎవరిది తప్పు అని ఎన్నోసార్లు ఆలోచించాను. తీసుకోడానికి సిగ్గేటి అని నా గెడ్డం పట్టుకుని నేర్పిన మనిషి, ప్రేమ పొంగి, మా నాన్నకి మిగిలిన ఒకే ఒక్క దర్జా చెరిపేసింది. ఆ సంగతి ఆవిడకి తట్టి ఉండదు. నాన్నైనా నాలుగు రోజులాగి, సెల్లీ, ఇంత అనుకుందాం అని ఒక మాట అని ఉండొచ్చు. విత్తనాల బస్తా ఆవిడ ముందు పెట్టకుండా ఉండొచ్చు. ఇద్దరూ మంచివాళ్ళే కావడం వల్ల నాకు కోప్పడడానికి కూడా ఎవరూ మిగల్లేదు. అదే ఎక్కువ బాధ.

నిన్న సాయంత్రం వరండాలో నిలబడి ఉంటే హైమ వచ్చింది. పోయిన పరీక్షలకి దాని ఫీజు నేను కట్టాను. వాళ్ళమ్మ జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. మడతలు పడ్డ నోట్లు కొన్ని నా చేతిలో పెట్టి, "ఇంకా ఉందండి మేడమ్, మళ్ళీ నెల ఇస్తాను," అంది. పిల్ల చెప్పులు అరిగిపోయి ఉన్నాయి. పోనీలేమ్మా, ఉంచుకో, అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన పనివాళ్ళు గోడ గీకుతూనే ఉన్నారు.

నోట్లు తీసుకుని పర్సులో పెట్టుకున్నాను.

"ఇంకా ఎంతుందో నేను రాసుకోలేదు హైమా. నువ్వే గుర్తుపెట్టుకో. తీరాక నువ్వే చెప్పాలి."

"చెప్తాను మేడమ్," అంది ఆ పిల్ల. తలెత్తి, నా కళ్ళలోకి చూసే అంది.