రెండు బీకర్లు, ఒకే సీసా

ఆ ఇంటి కోడళ్లిద్దరూ ఒకే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. పెద్దకోడలు అక్కడ ఎన్నో ఏళ్ల నుంచి లెక్చరరు. చిన్నకోడలు చేరి ఏడాది కూడా కాలేదు. పెద్దావిడ పాఠం చెబుతుంటే పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవారు. చిన్నావిడ చెబుతుంటే నవ్వులు వరండా దాకా వినిపించేవి. స్టాఫ్ రూములో కూర్చున్న పెద్దకోడలికి ఆ నవ్వులు పుండు మీద కారం చల్లినట్టుండేవి. ఇంటికెళ్తే అత్తగారు కూడా, "మా చిన్నది చెబితే నాకే అర్థమయ్యేట్టుందే!" అని మురిసిపోయేది.

ఒకరోజు ప్రిన్సిపాల్ పెద్దకోడలిని పిలిచి, "మీ తోడికోడలి క్లాసు ఒకసారి చూసి ఎలా ఉందో చెప్పండమ్మా" అన్నారు. వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది.

ఆ రోజు పాఠం గాఢతా ఘటం. రెండు బీకర్లలోనూ జింక్ సల్ఫేటు ద్రావణమే, రెండింట్లోనూ జింక్ రేకులే. కాకపోతే ఒకదాంట్లో ద్రావణం గాఢంగా, రెండోదాంట్లో దానికి నూరోవంతు పలచగా ఉండాలి. ఆ తేడా వల్లే వోల్టేజీ పుడుతుంది. చిన్నకోడలు బోర్డు మీద లెక్క కట్టింది: నూరుకి లాగరిథమ్ రెండు, దాన్ని 0.0591లో సగంతో గుణిస్తే సుమారు 0.059 వోల్టు.

మాటల సందడిలో ఆమె రెండు బీకర్లూ ఒకే సీసాలోంచి నింపడం పెద్దకోడలు చూసింది. చెబుదామని నోరు తెరిచింది కూడా. అంతలో పిల్లలు దేనికో ఘొల్లున నవ్వారు. నోరు మూసుకుంది.

మీటరు ముల్లు కదల్లేదు. సున్నా. పెద్దకోడలికి కడుపు చల్లబడింది.

చిన్నకోడలు ఒకసారి వెనక బెంచీ వైపు, తర్వాత సీసా వైపు చూసి పకపకా నవ్వేసింది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది! రెండింట్లోనూ ఒకటే పోశాను. మరి నిష్పత్తెంత?"

"ఒకటి!"

"ఒకటికి లాగరిథమ్?"

"సున్నా!"

"ఇంక మీటరు సున్నా చూపించక ఏం చేస్తుంది పాపం?"

చప్పట్లు మోగాయి. రెండో బీకరు మార్చగానే ముల్లు లెక్కకు దగ్గరగా వచ్చి నిలిచింది. పెద్దకోడలికి ఒళ్లు భగ్గుమంది. బోర్లా పడుతుందనుకున్న మనిషి పల్లకీ ఎక్కింది.

సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుతూ చిన్నకోడలు అడిగింది. "అక్కా, నేను ఒకే సీసా ఎత్తడం మీరు చూశారు కదా?"

"చూశాను."

"ముల్లు కదలనప్పుడు మీ మొహంలో నవ్వు కనిపించింది. తప్పు నా చేతుల్లోనే జరిగిందని అప్పుడే అర్థమైంది."

ఆ గొంతులో కోపం లేదు. తనైతే తెల్లవార్లూ సాధించి ఉండేది. ఆ నెమ్మది చూసినా పెద్దకోడలికి అసూయే పుట్టింది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నీ క్లాసులో పిల్లలు నవ్వుతారు" అంది పెద్దకోడలు. "నా క్లాసులో ఒక్కసారీ నవ్వలేదు."

చిన్నకోడలు చేతిలోని గిన్నెను మెల్లగా అరలో పెట్టింది.

మర్నాడు ప్రిన్సిపాల్ అడిగితే పెద్దకోడలు, "బాగా చెబుతుందండీ" అంది. ఆ మాట అనడం ఆమెకు చాలా కష్టమైంది.